మోషన్ టెస్టులో కనిపించే హానిలేని అమీబాలను మైక్రోస్కోపు కింద ఎలా పోల్చుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా: డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) పూర్తిచేసి చిన్న ల్యాబులో చేరారు. హోటల్ వర్కర్ల ఫిట్‌నెస్ సర్టిఫికెట్ల కోసం వచ్చే మోషన్ శాంపిళ్లలో గుండ్రటి సిస్టులు (అమీబా గోడ కట్టుకుని కదలకుండా ఉండే రూపం) తరచూ కనిపిస్తున్నాయి. ల్యాబులో అన్నిటికీ కలిపి ‘ఎంటమీబా హిస్టోలిటికా సిస్టులు ఉన్నాయి’ అని, అంటే జిగట విరేచనాలు తెచ్చే అమీబా ఉందని, రాసేస్తున్నారు. వాటిలో హాని చేయనివి ఏవో సెలైన్, అయోడిన్ మాత్రమే ఉన్న చోట ఎలా తెలుస్తుంది?

సూటిగా చెప్పాలంటే: చాలావరకు తెలుస్తుంది. ముందు సైజు కొలవండి, తర్వాత న్యూక్లియస్‌లు లెక్కపెట్టండి, ఆ తర్వాత న్యూక్లియస్ లోపల కేరియోసోమ్ అనే చుక్క ఎక్కడుందో చూడండి. ఐదు లేదా అంతకు మించి న్యూక్లియస్‌లు ఉంటే అది ఎంటమీబా కోలై, ఇక సందేహం అక్కర్లేదు. ఒకే న్యూక్లియస్, అయోడిన్‌లో ముదురు గోధుమరంగులో అంచు తెలిసే పెద్ద మచ్చ ఉంటే అయోడమీబా. కోలగా, 10 మైక్రాన్లలోపు, లోపల నాలుగు చుక్కలుంటే ఎండోలిమాక్స్ నానా. ఈ మూడూ హానిలేనివే. గుండ్రంగా, 10 మైక్రాన్లు దాటి, నాలుగు న్యూక్లియస్‌లతో కేరియోసోమ్ మధ్యలో ఉంటే అది హిస్టోలిటికా కావచ్చు, అచ్చం దానిలాగే ఉండే హానిలేని డిస్పార్ కూడా కావచ్చు. ఆ రెంటినీ సిస్టు చూసి విడదీయడం ఎవరి తరమూ కాదు. రిపోర్టులో కూడా అలాగే, రెండు పేర్లూ కలిపి రాయాలి.

కోలై హాని చేయదని చెప్పడానికి పాత ఆధారమే ఉంది. ఫిలిప్పీన్స్‌లో వాకర్, సెలార్డ్స్ మనుషులకు కోలై సిస్టులు మింగించి చూసి 1913లో ఫలితాలు ప్రచురించారు. అమీబా పేగుల్లో స్థిరపడింది గానీ ఎవరికీ జిగట విరేచనాలు రాలేదు. హిస్టోలిటికా మింగినవాళ్లలోనూ కొందరికే వచ్చాయి. ఈ రెండోదానికి కారణం ఒకే ఆకారంలో రెండు జాతులు ఉండటమేనని బ్రంప్ట్ 1925లో అన్నాడు, డిస్పార్ అనే పేరూ పెట్టాడు. అప్పట్లో ఆ మాట పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1993లో డైమండ్, క్లార్క్ జీవరసాయన, జన్యు ఆధారాలతో రెంటినీ వేరుచేశాకే అందరూ ఒప్పుకున్నారు. 1997లో మెక్సికో సిటీలో జరిగిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సమావేశం, మైక్రోస్కోపులో నాలుగు న్యూక్లియస్‌ల సిస్టు కనిపిస్తే ‘హిస్టోలిటికా/డిస్పార్’ అని రాయమంది. లక్షణాలు లేనివారికి ఆ ఒక్క రిపోర్టు పట్టుకుని మందులివ్వవద్దనీ చెప్పింది. మీ ల్యాబులో రాస్తున్న వాక్యం దానికంటే వెనకటి కాలంది.

ముందు కొలత. పొరపాట్లు ఎక్కువగా పుట్టేది ఇక్కడే, ఎందుకంటే చాలా చిన్న ల్యాబుల్లో కొలిచే సాధనం ఉండదు. ‘చిన్నగా ఉంది’, ‘పెద్దగా ఉంది’ అనే కంటి అంచనా ఈ పనికి చాలదు. ఐపీస్ మైక్రోమీటర్ అంటే గీతలు చెక్కిన చిన్న గాజు బిళ్ల. ఐపీస్ పై కటకం విప్పి లోపలి అంచు మీద కూర్చోబెడితే సరిపోతుంది. ఆ గీతలకు సొంత విలువ ఉండదు, స్టేజ్ మైక్రోమీటర్‌తో సరిచూసి విలువ కట్టాలి. స్టేజ్ మైక్రోమీటర్ స్లైడు మీద 1 మిల్లీమీటరును 100 భాగాలు చేసి ఉంటుంది, అంటే ఒక్కో భాగం 10 మైక్రాన్లు.

40ఎక్స్ ఆబ్జెక్టివ్‌లో రెండు స్కేళ్ల సున్నా గీతలనూ ఒకదాని మీద ఒకటి వచ్చేలా పెట్టండి. కుడివైపు మళ్లీ ఎక్కడ రెండు గీతలు సరిగ్గా కలుస్తున్నాయో చూడండి. ఐపీస్‌లో 40వ గీత స్టేజి మీది 10వ గీతతో కలిసిందనుకుందాం. 10 భాగాలంటే 100 మైక్రాన్లు, దాన్ని 40తో భాగిస్తే ఐపీస్ గీత ఒక్కోటి 2.5 మైక్రాన్లు. సిస్టు ఐదు గీతల మేర ఉంటే 12.5 మైక్రాన్లన్న మాట. 10ఎక్స్‌కీ, 100ఎక్స్‌కీ విడివిడిగా లెక్క కట్టి, ఆ విలువలు కాగితం మీద రాసి మైక్రోస్కోపుకే అంటించండి. ఐపీస్ మార్చినా, ఆబ్జెక్టివ్ మార్చినా పాత లెక్క చెల్లదు. స్టేజ్ మైక్రోమీటర్ కొంచెం ఖరీదు. కానీ దాంతో పని ఒక్కసారే కాబట్టి దగ్గర్లోని కాలేజీలో అడిగి తెచ్చుకుని, పని చూసుకుని ఇచ్చేయొచ్చు. బిళ్ల మాత్రం కొనాల్సిందే.

అది వచ్చేదాకా ఎర్ర రక్తకణాన్ని ఉజ్జాయింపు కొలతగా వాడుకోవచ్చు. దాని అడ్డకొలత 7–8 మైక్రాన్లు. సెలైన్‌లో ఎక్కువసేపు ఉంటే అది ముడుచుకుపోతుంది కాబట్టి దాన్ని నమ్ముకుని 9కీ 11కీ తేడా తేల్చకూడదు. మనకు అసలు సరిహద్దు ఉన్నది అక్కడే: సిస్టు 10 మైక్రాన్ల లోపైతే హార్ట్‌మనై (హిస్టోలిటికాలాగే కనిపించే చిన్న, హానిలేని అమీబా), దాటితే హిస్టోలిటికా/డిస్పార్. అమీబా కదిలే రూపమైన ట్రోఫోజోయిట్లకైతే (పొట్టిగా ట్రోఫ్‌లు) ఆ గీత 12 దగ్గర.

శాంపిల్ సంగతి. దీన్ని పట్టించుకోకపోతే మిగతాదంతా వృథా శ్రమ. పొడిగా ఉన్న వెడల్పు మూతి డబ్బా ఇవ్వండి. మూత్రం కలిస్తే ట్రోఫ్‌లు చచ్చిపోతాయి. కమోడ్ నీళ్లలోంచో నేల మీదనుంచో తీస్తే బయట బతికే అమీబాలూ ఇతర ప్రోటోజోవాలూ చేరి తికమక పెడతాయి. నీళ్లలా వచ్చిన మోషన్‌ను అరగంటలోపు, మెత్తగా ఉన్నదాన్ని గంటలోపు చూడాలి. గట్టిగా ఉన్నదానిలో ఉండేవి సిస్టులే కాబట్టి ఆ రోజు ఎప్పుడు చూసినా ఫరవాలేదు. ఇంక్యుబేటర్లో మాత్రం పెట్టొద్దు, ట్రోఫ్‌లు ఇంకా తొందరగా పాడవుతాయి. డబ్బా మీద విసర్జించిన సమయం రాయించండి, మీకు అందిన సమయం కాదు. ఇటీవల మెట్రోనిడజోల్ లాంటి అమీబా మందులు వాడారా, బేరియం ఎక్స్‌రే తీయించుకున్నారా అన్నది కూడా అడగాలి. వాడి ఉంటే రెండు మూడు వారాలు ఆగి ఇచ్చిన శాంపిలే నమ్మదగ్గది. అమీబాలు రోజూ ఒకే మోతాదులో రావు. ఒక శాంపిల్లో లేవంటే లేనట్టు కాదు, రోజు విడిచి రోజు మూడు శాంపిళ్లు పది రోజుల్లోపు చూడాలి.

స్లైడు తయారీ. ఒకే స్లైడు మీద ఎడమవైపు 0.85 శాతం సెలైన్ చుక్క, కుడివైపు అయోడిన్ చుక్క. అగ్గిపుల్ల కొసకు అంటినంత, అంటే సుమారు 2 మిల్లీగ్రాముల మోషన్ చాలు. జిగురో రక్తమో ఉంటే అక్కడి నుంచే తీయండి. ముందు సెలైన్‌లో కలిపి తర్వాతే అయోడిన్‌లో కలపాలి. అటుదిటు చేస్తే పుల్లకు అంటిన అయోడిన్ సెలైన్ వైపు ట్రోఫ్‌లను చంపేస్తుంది. కవర్‌స్లిప్‌ను ఒక అంచు ఆనించి వాలుగా దించితే గాలిబుడగలు రావు. స్లైడు కింద న్యూస్‌పేపర్ పెడితే అక్షరాలు చదవగలిగేంత పలచగా ఉండాలి. అక్షరాలు కనిపించకపోతే మళ్లీ చేయండి. చిక్కటి స్మియరులో న్యూక్లియస్ వెతకడం కళ్ల నొప్పి తప్ప మరేమీ కాదు.

సెలైన్ సీసాను నెలల తరబడి వాడకండి. అందులో బూజు, బాక్టీరియా, కొన్నిసార్లు కదిలే ప్రోటోజోవా కూడా పెరుగుతాయి. ఉదయాన్నే శాంపిల్ లేకుండా ఉత్త సెలైన్ చుక్క ఒకటి చూస్తే ఆ అనుమానం తీరిపోతుంది. పంపు నీళ్లు అసలు వద్దు. ఉప్పు లేని నీళ్లలో ట్రోఫ్‌లు ఉబ్బి పగిలిపోతాయి.

లూగాల్స్ అయోడిన్ స్టాక్‌కి 5 గ్రాముల అయోడిన్, 10 గ్రాముల పొటాషియం అయోడైడ్, 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్. ముందు అయోడైడ్ కరిగించాకే అయోడిన్ వేయాలి, లేకపోతే స్ఫటికాలు అడుగున అలాగే కూర్చుంటాయి. వాడేటప్పుడు స్టాక్ ఒక వంతుకు నీళ్లు నాలుగు లేదా ఐదు వంతులు కలపండి. రంగు చిక్కటి టీ డికాషన్‌లా ఉండాలి. మరీ చిక్కగా ఉంటే మోషన్ గడ్డకట్టి సిస్టులు అందులో చిక్కుకుంటాయి, పలచనైతే న్యూక్లియస్ కనబడదు. గోధుమరంగు సీసాలో ఉంచి, రంగు వెలిసినట్టనిపిస్తే పారబోయండి. గ్రామ్ స్టెయిన్ కోసం ఉంచిన అయోడిన్‌ను ఇక్కడ వాడేవాళ్లున్నారు, దాని బలం ఈ పనికి చాలదు.

వెలుతురు గురించి ఒక్క మాట. సెలైన్ వైపు చూసేటప్పుడు కండెన్సర్ (స్టేజి కింది కటకం) కొంచెం దించి, ఐరిస్ (వెలుతురు తగ్గించే మూత) బాగా మూయండి. లైటు పూర్తిగా వదిలితే పారదర్శకమైన సిస్టులు వెలుతుర్లో కలిసిపోతాయి. అయోడిన్ వైపు వచ్చాక ఐరిస్ కాస్త తెరవాలి. 10ఎక్స్‌లో కవర్‌స్లిప్ మొత్తం, ఈ మూల నుంచి ఆ మూల దాకా వరుసలుగా చూడండి. అనుమానం వచ్చిన ప్రతిచోటా 40ఎక్స్‌కి మారాలి. ఏమీ కనబడకపోయినా కవర్‌స్లిప్‌లో కనీసం మూడో వంతు 40ఎక్స్‌లో చూడాల్సిందే, ఎందుకంటే ఎండోలిమాక్స్ లాంటి చిన్నవి 10ఎక్స్‌లో తప్పించుకుంటాయి. ఇవన్నీ చూసేలోపు మౌంట్ ఎండిపోతుంటే కవర్‌స్లిప్ అంచుల వెంట వాజ్‌లైన్ రాయండి. ఎండుతున్న మౌంట్‌లో సిస్టులు కుంచించుకుపోయి కొలతలు తప్పుతాయి.

కోలై సిస్టును దగ్గరగా చూస్తే. సాధారణంగా 15–25 మైక్రాన్లు, మొత్తం మీద 10 నుంచి 35 దాకా ఉండొచ్చు. అయోడిన్‌లో పసుపు రంగు బంతి, దాని గోడ మందంగా కనిపిస్తుంది. మొదటి చూపులో మూడో నాలుగో న్యూక్లియస్‌లు ఉన్నట్టుంటుంది, ‘నాలుగు, హిస్టోలిటికా’ అని రాసేది ఇక్కడే. కళ్లు తీయకుండా ఫైన్ అడ్జస్ట్‌మెంట్‌ను వెంట్రుకవాసి తిప్పండి. ముందున్నవి మసకబారి, వెనక నుంచి మరో రెండు ఉంగరాలు తేలతాయి. ఇంకొంచెం తిప్పితే గోడ పక్కనున్నవి వస్తాయి. సిస్టు గోళాకారం కాబట్టి ఎనిమిదీ ఒకే తలంలో ఉండవు. పైనుంచి కిందికి ఒకసారి, కింది నుంచి పైకి ఒకసారి లెక్కపెట్టండి. లెక్క కుదరకపోతే కవర్‌స్లిప్ మీద సూది మొనతో మెల్లగా తట్టండి, సిస్టు దొర్లి మరో వైపు చూపిస్తుంది. అప్పుడప్పుడు 16 న్యూక్లియస్‌లున్నవీ తగులుతాయి, అవీ కోలైవే.

ముదరని కోలై సిస్టులో రెండే న్యూక్లియస్‌లు ఉంటాయి. మధ్యలో పెద్ద గ్లైకోజన్ (నిల్వ ఆహారం) ముద్ద అయోడిన్‌లో ముదురు గోధుమరంగుకు తిరిగి, న్యూక్లియస్‌లను చెరో గోడకూ నెట్టేసి ఉంటుంది. ఇది ఒకసారి గుర్తుపడితే మర్చిపోలేరు. నాలుగు న్యూక్లియస్‌ల దశ కోలైలో తక్కువగా కనబడుతుంది. అందుకని ఒక్క సిస్టు చూసి తీర్పు చెప్పకండి. అదే స్లైడులో పది సిస్టులు వెతికి చూడండి. నాలుగున్న ఒకదాని పక్కనే ఎనిమిదున్నవీ, గ్లైకోజన్‌తో రెండున్నవీ కనిపిస్తే, అన్నీ 15 పైనే ఉంటే, ఆ నాలుగున్నది కూడా కోలై అయ్యే అవకాశమే ఎక్కువ. అదే పదిలో సగం 12–13 మైక్రాన్ల దగ్గర, నాలుగేసి న్యూక్లియస్‌లతో ఉంటే రెండు జాతులూ కలిసి ఉన్నట్టు. ఇలా కలిసి ఉండటం అరుదేమీ కాదు. కోలై దొరికింది కదా అని చూడటం ఆపేయడం కూడా తప్పే.

న్యూక్లియస్ లోపలి విషయం: హిస్టోలిటికా/డిస్పార్‌లో కేరియోసోమ్ చిన్న చుక్కలా మధ్యలో ఉంటుంది, అంచు వెంట క్రొమాటిన్ (న్యూక్లియస్‌లోని జన్యు పదార్థం) సన్నగా, సమంగా పరుచుకుని ఉంటుంది. కోలైలో కేరియోసోమ్ పెద్దది, ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, అంచు క్రొమాటిన్ అక్కడక్కడ మందంగా ముద్దలు కట్టి ఉంటుంది. పుస్తకంలో బొమ్మ చూస్తే ఇది చాలా తేలిక. అయోడిన్ మౌంట్‌లో మాత్రం అన్నిసార్లూ ఇంత స్పష్టంగా రాదు, కోలైలోనూ అప్పుడప్పుడు కేరియోసోమ్ మధ్యలోనే ఉండొచ్చు. అందుకే దీన్ని మూడో సాక్ష్యంగానే పెట్టుకోండి, సైజూ సంఖ్యా చెప్పినదానికి బలంగా.

క్రొమాటాయిడ్ బార్ల కోసం అయోడిన్ వైపు వెతకొద్దు, అవి రంగు పట్టవు. సెలైన్ వైపు మెరిసే కడ్డీల్లా కనిపిస్తాయి. కొసలు మొద్దుగా గుండ్రంగా ఉంటే హిస్టోలిటికా/డిస్పార్/హార్ట్‌మనై గుంపు, చీలికలై మొనదేలి ఉంటే కోలై. సిస్టు ముదిరేకొద్దీ ఇవి కరిగిపోతాయి కాబట్టి లేకపోవడం దేనికీ రుజువు కాదు.

ఎండోలిమాక్స్ నానా. 6–8 మైక్రాన్లు, ఎక్కువగా కోల ఆకారం. న్యూక్లియస్ చుట్టూ క్రొమాటిన్ ఉంగరం ఉండదు, ఉండేదల్లా పెద్ద కేరియోసోమ్. అందుకే అయోడిన్‌లో నాలుగు ఉంగరాలకు బదులు నాలుగు చుక్కలు కనిపిస్తాయి. దీన్ని ఈస్ట్ అనుకుని వదిలేసేవాళ్లు ఎక్కువ. ఈస్ట్ కణాలకు మొగ్గలుంటాయి, లోపల ఈ నాలుగు చుక్కల అమరిక ఉండదు. హార్ట్‌మనై కూడా ఇదే సైజు, దానికీ నాలుగు న్యూక్లియస్‌లే. కానీ అది గుండ్రంగా ఉండి, ప్రతి న్యూక్లియస్‌కూ అంచు ఉంగరం ఉంటుంది, పొట్టి క్రొమాటాయిడ్లు చాలా ఉంటాయి. వెట్ మౌంట్‌లో తేలకపోతే బలవంతంగా పేరు పెట్టనక్కర్లేదు. రెండూ హానిలేనివే, పది మైక్రాన్ల లోపు అన్న మాట ఖాయమైతే రోగికి సంబంధించినంతవరకు తేలిపోయినట్టే.

అయోడమీబా బుట్ష్‌లై. అన్నిటికంటే సులువైనది. 10–12 మైక్రాన్లు, ఆకారం ఓ పట్టాన కుదురుగా ఉండదు. కొన్ని గుండ్రం, కొన్ని కోల, కొన్ని ఓ మూల నొక్కినట్టు ఉంటాయి. ఒకే న్యూక్లియస్. సెలైన్‌లో ఖాళీ గదిలా కనిపించిన చోటే అయోడిన్ వైపు ఎర్రటి గోధుమరంగు మచ్చ అవుతుంది, చుట్టూ గీసినట్టు అంచు. ముదరని ఎంటమీబా సిస్టుల్లోనూ ఒకే న్యూక్లియస్, గ్లైకోజన్ ఉంటాయి, అయితే హిస్టోలిటికా/డిస్పార్ గ్లైకోజన్‌కు అంచు తెలియదు, పొగలా చెదిరి ఉంటుంది. శాంపిల్ పాతబడితే గ్లైకోజన్ ఖర్చయిపోయి ఈ గుర్తు మసకబారుతుంది.

కదిలే ట్రోఫ్‌లు పలచటి మోషన్‌లోనే కనిపిస్తాయి, సెలైన్ వైపే చూడాలి. హిస్టోలిటికా ఒక దిశ పట్టుకుని ముందుకు సాగుతుంది, గాజులా స్వచ్ఛమైన పాదం ఒక్కసారిగా చాపి, మిగతా శరీరం అందులోకి ప్రవహిస్తుంది. కోలై ఉన్నచోటే అటూ ఇటూ మొద్దు పాదాలు చాపుతుంటుంది, ఎక్కడికీ పోదు. రంగు వేయకుండానే న్యూక్లియస్ కనిపిస్తోందంటే అది కోలై వైపు మొగ్గు. హిస్టోలిటికాలో అది సెలైన్‌లో సాధారణంగా కనబడదు. కోలై కడుపు నిండా బాక్టీరియా, ఈస్ట్, చెత్త ఉంటాయి. లోపల ఎర్ర రక్తకణాలు స్పష్టంగా కనిపిస్తూ, దిశగా కదులుతున్న ట్రోఫ్ దొరికితే అది హిస్టోలిటికా అనడానికి మైక్రోస్కోపులో దొరికే గట్టి సాక్ష్యం. అప్పుడు డాక్టరుకు వెంటనే ఫోన్ చేయాలి. ఏసీ గదిలో, చలికాలం ఉదయాల్లో ట్రోఫ్‌లు మొద్దుబారి కదలవు. స్లైడును కాస్త వెచ్చబరిచి మళ్లీ చూడండి, కానీ వేడి చేయకండి.

ఇక్కడ పెద్ద ప్రమాదం అమీబాలతో కాదు, మన సొంత కణాలతో. షిగెల్లా అనే బాక్టీరియా తెచ్చే విరేచనాల్లో మాక్రోఫేజ్‌లు (ఒంట్లో చెత్తను మింగే కణాలు) గుట్టలుగా వస్తాయి. అవి రక్తకణాలను మింగుతాయి, కొంచెం కదులుతాయి కూడా. వాటిని అమీబాలుగా రాస్తే రోగికి అసలు మందు అందదు. మాక్రోఫేజ్ న్యూక్లియస్ శరీరంతో పోలిస్తే చాలా పెద్దది, అమీబాది చిన్నది. స్లైడు నిండా పస్ సెల్స్ (చీము కణాలు) ఉంటే ముందు బాక్టీరియానే అనుమానించండి. అమీబిక్ డిసెంట్రీలో పస్ సెల్స్ తక్కువ, రక్తకణాలు గుంపులుగా అతుక్కుని ఉంటాయి, చార్కాట్-లేడెన్ అనే మొనదేలిన స్ఫటికాలు కనిపించవచ్చు. చితికిన పస్ సెల్ న్యూక్లియస్ నాలుగు ముక్కలై నాలుగు న్యూక్లియస్‌ల సిస్టులా భ్రమింపజేస్తుంది. పక్క నుంచి మిథిలీన్ బ్లూ చుక్క వదిలితే ఆ ముక్కల్ని కలిపే సన్నటి పోగు బయటపడుతుంది.

సిస్టులా కనిపించే మరికొన్ని: బ్లాస్టోసిస్టిస్ అనే మరో పేగు జీవి, మధ్యలో పెద్ద ఖాళీ, అంచున మాత్రమే చిన్న న్యూక్లియస్‌లు, ఒకే స్లైడులో 6 నుంచి 40 మైక్రాన్ల దాకా రకరకాల సైజులు. నూనె బొట్లకు లోపల ఏమీ ఉండదు, మెరుపు ఎక్కువ. అన్నం తినేవాళ్ల మోషన్‌లో అరగని పిండి రేణువులు అయోడిన్‌తో నీలినలుపు తిరుగుతాయి. సిస్టు ఎప్పుడూ నీలం కాదు.

సిస్టులు అరుదుగా ఉన్నప్పుడు, వాటిని ఒకచోటికి చేర్చే ఫార్మాల్-ఈథర్ పద్ధతి కలిసొస్తుంది. గ్రాము మోషన్‌ను 7 మి.లీ. 10 శాతం ఫార్మలిన్‌లో కలిపి రెండు పొరల పలచటి కట్టుగుడ్డతో (గాజ్) వడకట్టండి. 3 మి.లీ. ఈథర్ పోసి, మూతపెట్టి నిమిషం పాటు గట్టిగా కుదపండి. మూత నెమ్మదిగా తీయాలి, ఒత్తిడికి చిమ్ముతుంది. 2000 ఆర్‌పీఎంలో రెండు మూడు నిమిషాలు తిప్పాక నాలుగు పొరలు ఏర్పడతాయి. పైనున్న చెత్త పొరను పుల్లతో అంచు నుంచి విడదీసి, అంతా ఒక్కసారిగా వంపేసి, అడుగున మిగిలినది చూడండి. దగ్గర్లో మంట ఉండకూడదు, ఈథర్ బదులు ఈథైల్ ఎసిటేట్ వాడితే ఇంకా మేలు. దీంతో ట్రోఫ్‌లు నాశనమవుతాయి, బ్లాస్టోసిస్టిస్ కూడా నీళ్లతో కడిగితే పగిలిపోతుంది. కాబట్టి ఇది డైరెక్ట్ స్మియరుకు తోడే గానీ బదులు కాదు. న్యూక్లియస్ వివరం కచ్చితంగా కావాల్సినప్పుడు ట్రైక్రోమ్ లేదా ఐరన్ హెమటాక్సిలిన్ స్టెయిన్ ఉన్న పెద్ద ల్యాబుకు పంపాలి. ఆ స్టెయిన్లలో కణాలు కొద్దిగా కుంచించుకుంటాయని కొలతలు చదివేటప్పుడు గుర్తుంచుకోండి.

రిపోర్టు. జాతి పేరు పూర్తిగా రాయండి: ‘ఎంటమీబా కోలై సిస్టులు కనిపించాయి, వ్యాధి కలిగించనిది’. పొట్టిగా ఈ.కోలై అని రాస్తే చూసేవాళ్లు బాక్టీరియా అనుకుని యాంటీబయాటిక్ రాసే ప్రమాదం ఉంది. హానిలేనిది కదా అని వదిలేయకుండా కచ్చితంగా రాయాలి. ఆ మనిషి ఏదో దారిన మలం కలిసిన నీళ్లో తిండో మింగాడని అది చెబుతుంది, అదే దారిన జబ్బు చేసే జియార్డియా పరాన్నజీవి కూడా వస్తుంది. వంటవాళ్లు, వడ్డించేవాళ్ల విషయంలో అది పనికొచ్చే సమాచారం. అయితే కోలై, నానా, అయోడమీబా కనిపించినంత మాత్రాన ఫిట్‌నెస్ ఆపనక్కర్లేదు, మందులూ అక్కర్లేదు. చేతులు కడుక్కోవడం, గోళ్లు, తాగునీరు చూసుకోమని చెబితే చాలు. మెట్రోనిడజోల్ కోర్సు అయ్యాక మళ్లీ కోలై కనిపించిందని ఇంకో కోర్సు, ఆపైన ఇంకోటి వాడుతూ పోయేవాళ్లు మన ఊళ్లలో తక్కువేమీ లేరు. దానికి మూలం చాలాసార్లు ఆ మొదటి రిపోర్టులోని ఒక్క లైనే. ‘అమీబా సిస్టులు ++’ అన్న రాత కూడా మానేయాలి. జాతి చెప్పకుండా ప్లస్సులు వేయడం వల్ల డాక్టరుకు తెలిసేదేమీ లేదు.

మీ సీనియర్‌తో వాదించే బదులు ఒక కోలై సిస్టును స్లైడులో ఉంచి, ఫోకస్ తిప్పుతూ లెక్కపెట్టమని అడగండి. నాలుగు దాటాక మాట్లాడటం తేలికవుతుంది.

హిస్టోలిటికా/డిస్పార్ అని తేలిన చోట, రోగికి లక్షణాలుంటే తర్వాతి మెట్టు యాంటిజెన్ పరీక్ష (అమీబా ప్రోటీన్‌ను పట్టేది) లేదా పీసీఆర్ (దాని జన్యువును పట్టేది). కొన్ని యాంటిజెన్ కిట్లు ఈ రెండు జాతుల్నీ కలిపే పట్టుకుంటాయి, కాబట్టి హిస్టోలిటికాను విడిగా గుర్తించే కిట్టేనా అని పంపేముందే అడగండి. ఆ పరీక్షకు పంపే భాగాన్ని ఫార్మలిన్‌లో వేయకూడదు. తాజాగా గానీ, ఫ్రీజర్లో పెట్టి గానీ పంపాలి. శాంపిల్ రాగానే రెండుగా విడదీసి, ఒక డబ్బాలో ఫార్మలిన్ పోసి, రెండోదాన్ని అలాగే ఫ్రీజర్లో పెట్టేయడం అలవాటు చేసుకుంటే, అవసరం పడినప్పుడు రోగిని మళ్లీ పిలిపించే పని ఉండదు.